మేడమీద వాటా

మాకు మేడమీద ఓ వాటా ఉంది. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వసారా. మా మామగారు రిటైరయినప్పుడు వచ్చిన డబ్బుతో వేయించిన మేడ. ఆ అద్దె నా చేతికే వస్తుంది. నవలలు రాసి ఎవరూ మేడలు కట్టలేదని మీకు నేను చెప్పనక్కర్లేదు. అంచేత నా పుస్తకాలకన్నా ఆ వాటానే నేను ఎక్కువ గౌరవంగా చూసుకుంటాను. ఖాళీ అయిందంటే మర్నాటికల్లా గేటుకి టూలెట్ బోర్డు వేలాడాల్సిందే.

2023 జూలైలో అలాగే వేలాడుతోంది. వాన వచ్చి వెలిసిన సాయంత్రం. నేను గేటు పక్క పందిరి కింద సన్నజాజులు కోస్తున్నాను. న్యూజెర్సీ నించి సెలవులకి వచ్చిన మా చెల్లెలి కూతురు, 16 ఏళ్ళది, మెట్లమీద కూచుని ఫోన్ చూసుకుంటోంది. గేటు అవతల ఎవరో ఆగారు. చూస్తే పొడుగ్గా, నల్లగా, జుట్టంతా సన్నటి జడలు అల్లుకున్న అమ్మాయి. మేముండేది మెహదీపట్నం పక్కన. అక్కడికి టోలీచౌకీ దగ్గరే. ఆ చుట్టుపక్కల ఆఫ్రికా దేశాల విద్యార్థులు చాలా ఏళ్ళుగా ఉంటున్నారు. కనక నాకేమీ వింతగా అనిపించలేదు. ఆ అమ్మాయి గొడుగు మడిచి, ఎంతో మర్యాదగా ఇంగ్లీషులో, "మేడమ్, ఇల్లు ఖాళీగా ఉందా?" అని అడిగింది.

"అయ్యో, నిన్ననే ఇచ్చేశామమ్మా!" అన్నాను.

నిజం చెప్పొద్దూ, ఆ మాట అనాలని నేను అనుకోలేదు. ముష్టివాడికి "చిల్లర లేదు నాయనా" అన్నంత అలవాటుగా, నవ్వుతూ వచ్చేసింది. ఆ అమ్మాయి నా ముఖంకేసి చూసింది. బోర్డుకేసి చూసింది. మళ్ళీ నాకేసి చూసి "థాంక్యూ మేడమ్" అంది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఏమీ లేదు. రోజూ వచ్చే బస్సు ఇవాళ కూడా ఆగకుండా పోతే స్టాపులో నించున్నవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో, అలా ఉంది. నేను ఊరుకోకుండా, "ఆ వెనక వీధిలో అడిగి చూడమ్మా, దొరకొచ్చు" అని సలహా కూడా ఇచ్చాను.

"పెద్దమ్మా, నిన్న ఎవరికిచ్చారు?" అంది మా పిల్ల.

"ఎవరికీ ఇవ్వలేదే."

"మరి?"

దానికి నేను శుభ్రంగా నాలుగు కారణాలు చెప్పాను. పెదనాన్నకి ఇష్టముండదు. నాన్నమ్మగారు పెద్దావిడ, ఒప్పుకోరు. విదేశీయులకి ఇల్లిస్తే 24 గంటల్లో పోలీసులకి తెలియజేస్తూ ఫారం నింపాలి. ఎదురింటివాళ్ళు ఏమన్నా అంటారు. ఆ పిల్ల అన్నీ విని, నన్నేమీ అనకుండా, "పోనీ బోర్డు ఎందుకు తియ్యలేదు?" అని అడిగింది.

నేను దేన్ని తప్పించుకుంటూ వచ్చానో అది ఆ ప్రశ్నలో ఉంది. బోర్డు తియ్యలేదు, ఎందుకంటే ఇల్లు ఖాళీగానే ఉంది. ఖాళీగా ఉన్నది ఇంకెవరికోసమో.

ఆ రాత్రి మావారికి చెప్తే, "మధ్యలో నా పేరెందుకు లాగావ్? నన్నడిగావా?" అన్నారు. నిజమే, అడగలేదు. మా అత్తగారినీ అడగలేదు. ఎదురింటివాళ్ళనీ అడగలేదు. వాళ్ళందరి తరఫునా వాళ్ళకి తెలియకుండా నేనే తీర్మానం చేసేసి, వాళ్ళ సంతకాలు కూడా నేనే పెట్టేశాను. "పోనీ, అడిగితే ఇమ్మనేవారా?" అన్నాను. ఆయన పేపరు తిప్పుకున్నారు.

మీరు నన్ను ఏమనుకుంటారో కానీ, అప్పటిదాకా నేను జాతి వివక్షకి విరోధిననే గట్టి నమ్మకంతో బతుకుతున్నాను. 2017 ఫిబ్రవరిలో అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలో, మన తెలుగు ఇంజనీరు ఒకతన్ని ఒక తెల్లవాడు బారులో కాల్చి చంపినప్పుడు మా ఇంట్లో రెండు రోజులు అన్నం సహించలేదు. మా దేశం విడిచిపొమ్మని అరుస్తూ కాల్చాట్ట. అడ్డుపడ్డ తెల్ల కుర్రవాడికీ తూటా తగిలింది, అతను బతికాడు. నేను సంతాపసభలో మాట్లాడాను, ఏడ్చాను, మనుషుల్ని తోలు రంగుతో కొలిచే సంస్కారాన్ని చీల్చి చెండాడాను. 2020లో మినియాపోలిస్‌లో ఒక పోలీసు జార్జి ఫ్లాయిడ్ మెడమీద మోకాలు పెట్టి చంపినప్పుడు కూడా అంతే. దూరంగా జరిగేవాటికి నా కన్నీళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

ఆ వారమే అటక మీంచి ఒక పాత పుస్తకం దింపాను. లొరెయిన్ హాన్స్‌బెరీ రాసిన నాటకం, 'ఎ రైజిన్ ఇన్ ది సన్'. కాలేజీ రోజుల్లో చదివి, ఏడ్చి, స్నేహితురాళ్ళందరిచేతా చదివించి ఏడిపించిన పుస్తకం అది. 1959లో బ్రాడ్వేలో ప్రదర్శించారు. బ్రాడ్వే రంగస్థలం ఎక్కిన మొదటి నల్లజాతి రచయిత్రి ఆవిడే, అప్పటికి 30 ఏళ్ళు కూడా నిండలేదు. కథ చాలా చిన్నది. షికాగోలో ఇరుకు ఇంట్లో ఉండే నల్లవాళ్ళ కుటుంబం. ఇంటి పెద్దాయన పోతే ఇన్సూరెన్సు డబ్బు 10,000 డాలర్లు వస్తుంది. ఆయన భార్య అందులోంచి కొంత కట్టి, తెల్లవాళ్ళ పేటలో ఒక ఇల్లు కొంటుంది. పేట సంఘం తరఫున ఒకాయన వస్తాడు, ఆ ఇల్లు మీరు తీసుకోవద్దు, లాభానికి మేమే తిరిగి కొనుక్కుంటామని చెప్పడానికి.

ఆ కథ రచయిత్రి ఇంట్లో జరిగిందే. వాళ్ళ నాన్న 1937లో షికాగోలో తెల్లవాళ్ళ పేటలో ఇల్లు కొన్నాడు. అక్కడి ఇళ్ళ యజమానులు నల్లవాళ్ళకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని ముందే ఒప్పందం రాసుకుని ఉన్నారు. ఇంటి ముందు గుంపు చేరింది. కిటికీలోంచి విసిరిన పెంకు ఏడెనిమిదేళ్ళ లొరెయిన్‌కి తగలబోయి తప్పిపోయింది. తండ్రి కోర్టు పనిమీద ఊరు వెళ్ళిన రాత్రులు తల్లి నిండు పిస్తోలు చేత్తో పట్టుకుని, నలుగురు పిల్లల్ని పడుకోబెట్టి, తెల్లవార్లూ ఇల్లంతా తిరిగేదట. నలుగురు పిల్లల్ని నిద్రపుచ్చి మనం తిరిగేది గ్యాసు కట్టానా, తలుపు గడియ వేశానా అని. 1940లో సుప్రీంకోర్టులో ఆయన గెలిచాడు. కానీ అది ఒక సాంకేతికమైన గెలుపే. అలాంటి ఒప్పందాలు తప్పని కోర్టు అనలేదు. వాటిని కోర్టులు అమలు చేయకూడదని తేలడానికి ఇంకో కేసులో 1948 రావలసి వచ్చింది. అప్పటికాయన లేడు. ఆ దేశంతో విసిగి మెక్సికోలో స్థిరపడదామని వెళ్ళి, 1946లో అక్కడే పోయాడు.

ఇదంతా కాదు నేను చెప్పదలుచుకున్నది. ఆ సంఘం తరఫున వచ్చిన ఆయన ఉన్నాడే, లిండ్‌నర్ అని, ఆ నాటకం మొత్తానికి తెల్లవాడు ఆయనొక్కడే. నాకు ఆయన బొత్తిగా గుర్తులేడు! ఆ తల్లి గుర్తుంది, ఆవిడ కుండీలో పెంచుకునే దిక్కులేని మొక్క గుర్తుంది. లిండ్‌నర్ మాత్రం, 'ఒక దుర్మార్గుడు వస్తాడు' అన్నంత మటుకే. తీరా చదివితే దుర్మార్గుడేమిటి, ఎంత మర్యాదస్థుడనీ! గొంతు పెంచడు. కూర్చోమంటే మొహమాటపడతాడు. ఎవరిమీదా ద్వేషం లేదంటాడు. ఒకే రకం మనుషులు ఒకచోట ఉంటే అందరికీ సుఖం కదా అంటాడు. ఆయనకి అచ్చంగా నా నవ్వే ఉంది. "వెనక వీధిలో అడిగి చూడండి" అని ఒక్కటే అనలేదు.

చదివినన్నాళ్ళూ నేను ఆ తల్లి పక్కన కూచుని చదివానన్నమాట. కన్నీళ్ళు పెట్టుకునే పాఠకురాలు తన కుర్చీ ఎప్పుడూ బాధపడేవాళ్ళ పక్కనే వేసుకుంటుంది. గేటు ఇవతల ఎవరున్నారో చూసుకోదు.

మా పిల్ల వెళ్ళేముందు, "మా దగ్గర నువ్వు చేసింది చట్టవిరుద్ధం పెద్దమ్మా" అంది. పంతం పట్టి ఆ చట్టం వెతికి చదివాను. మార్టిన్ లూథర్ కింగ్ 1966లో షికాగోలోనే నల్లవాళ్ళకి ఇళ్ళు దొరకాలని ఊరేగింపులు చేస్తే రాయి తగిలి మోకాళ్ళమీద కూలబడ్డాడు. రెండేళ్ళకి, 1968 ఏప్రిల్ 4న ఆయన్ని చంపేశారు. వారం తిరక్కుండా, 11వ తేదీన, అధ్యక్షుడు జాన్సన్ ఇళ్ళ చట్టం మీద సంతకం పెట్టాడు. అందులో ఒక అంశం చదివి నేను ఉలిక్కిపడ్డాను. ఖాళీగా ఉన్న ఇంటిని, జాతి కారణంగా, ఖాళీ లేదని చెప్పడం నేరుగా నిషేధం! చట్టం రాసినవాళ్ళకి నా సంగతి అరవై ఏళ్ళ కిందటే తెలుసన్నమాట. ఇల్లు లేదని నల్లవాళ్ళకి చెప్పినచోటికి తర్వాత తెల్లవాళ్ళని పంపి పరీక్షించడం కూడా అక్కడ అలవాటయింది. అలా వెళ్ళిన నల్లజాతి ఆవిడకి, ఇల్లు నిజంగా అక్కర్లేకపోయినా, అబద్ధం చెప్పించుకున్నందుకే దావా వేసే హక్కుందని 1982లో వాళ్ళ సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంకా చదివితే ఒక మినహాయింపు కనపడింది. యజమాని తానూ ఆ ఇంట్లోనే ఉంటూ, ఇల్లంతా నాలుగు వాటాలకి మించకపోతే ఆ చట్టంలో చాలా నిబంధనలు వర్తించవట. దానికి 'మిసెస్ మర్ఫీ మినహాయింపు' అని ముద్దుపేరు. ఈ మర్ఫీ అనే ఆవిడ నిజం మనిషి కాదు. చిన్న ఇల్లు, ఒకటో రెండో గదులు అద్దెకిచ్చుకుని బతికే పాపం ఒక ముసలావిడ ఉందనుకోండి, ఆవిడ ఇష్టాయిష్టాల మాటేమిటి అని చట్టసభలో వాదించడానికి పుట్టించిన మనిషి. అంటే నేనే! నేను అమెరికాలో ఉన్నా తప్పించుకునేదాన్నే! నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ హాయి అరనిమిషం ఉంది. తర్వాత నామీద నాకే రోత పుట్టింది. ఎవరన్నా వచ్చి పట్టుకెళ్తారని కాదు కదా నేను ఆ పుస్తకాలన్నీ తిరగేసింది? పోనీ ఆ హాయి కూడా దక్కలేదనుకోండి. 1866 నాటి పాత చట్టం ఒకటి ఉంది, జాతి కారణంగా ఇల్లు కాదనడానికి దాని కింద మర్ఫీగారికి కూడా మినహాయింపు లేదని అదే 1968 జూన్‌లో సుప్రీంకోర్టు అంది.

మన దగ్గర ఆ బెడద లేదు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో, బావుల దగ్గర వివక్ష కూడదంటుంది కానీ మా మేడమీద వాటా దాకా రాదు. 2005లో మన సుప్రీంకోర్టు, ఒక పార్శీ గృహసంఘం తమ మతంవాళ్ళకే సభ్యత్వమిస్తామంటే తప్పులేదని కూడా అంది. అయినా మనకి చట్టం దాకా ఎందుకు? "మీరేమిట్లు?" అన్న ఒక్కమాట చాలు. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, మాంసం తింటారా అని అడిగి, చివరికి "మావారు వచ్చాక చెప్తామండీ" అని పంపే కళలో మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఢిల్లీ పరిసరాల్లో కొందరు పరిశోధకులు ఇలాగే అద్దె ఇళ్ళకోసం వేరువేరు పేర్లతో అడిగించి చూశారు. దళితులకూ ముస్లింలకూ ఇల్లు లేదన్నచోట్ల అగ్రకులం పేరుకి ఇల్లు దొరికింది. ఆ పరిశోధన 2015లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వచ్చింది. నాకది చదివి ఆశ్చర్యం వెయ్యలేదు. మా అత్తగారి హయాంలో పనమ్మాయి గ్లాసు కిటికీలో వేరే ఉండేది. ఆ గ్లాసు నేను కాపరానికి వచ్చాక తీశాననుకునేదాన్ని. ఎక్కడికీ పోలేదు, గేటు దగ్గరికి మారిందంతే.

ఆఫ్రికా మనుషులు మనకి కొత్తా అంటే అదీ కాదు. ఏ.సి.గార్డ్స్ మీదుగా వెయ్యిసార్లు వెళ్ళి ఉంటాను. ఏ.సి. అంటే చల్లమిషను తాలూకు ఏదో కంపెనీ కాబోలు అనుకునేదాన్ని (నవ్వకండి, మీలో ఎంతమందికి తెలుసు?). ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం ఆశ్వికదళం. వాళ్ళ సంతతి, సిద్దీలు, ఇప్పటికీ ఆ పేటలో ఉన్నారు. హైదరాబాదు పెళ్ళిళ్ళలో మోగే మర్ఫా వాయిద్యంలో వాళ్ళ చెయ్యి ఉంది. మా మామగారు ఈ ఊరికి ఉద్యోగానికి రాకముందు నించీ వాళ్ళు ఈ ఊరివాళ్ళు.

ఈ సంగతులు నోట్లో పెట్టుకుని ఊరుకోలేక మా చెల్లెలికి ఫోన్ చేశాను. అదక్కడ ఇల్లు కొనే హడావిడిలో ఉంది. "ఆ వైపు వద్దనుకున్నామక్కా, ఏరియా మంచిది కాదు, స్కూళ్ళు బాగోవు" అంది. అదివరకైతే సరేననేదాన్ని. "మంచిది కాదంటే నల్లవాళ్ళుంటారనా?" అన్నాను. అవతల కాసేపు మాటలేదు.

ఆ ఏరియాలు చెడడానికి కూడా ఒక కథ ఉంది. 1930ల్లో ప్రభుత్వ సంస్థే ఊళ్ళ పటాలు గీసి, నల్లవాళ్ళుండే పేటలకి ఎర్రరంగు పులిమింది, అక్కడ అప్పులివ్వడం ప్రమాదమని. అప్పు పుట్టనిచోట ఇల్లు కొనలేరు, బాగుచేసుకోలేరు. ఇళ్ళ విలువ పెరగదు. అక్కడి బళ్ళకి డబ్బు చాలామటుకు ఆ ఇళ్ళమీద పన్నుల్లోంచే రావాలి. అంచేత బడీ బాగుపడదు. ఆనక మనవాళ్ళు విమానం దిగి, "అబ్బే, అక్కడ స్కూళ్ళు బాగోవు" అంటారు. అసలు ఆ విమానం ఎలా ఎక్కామో తెలుసా? 1965కి ముందు భారతదేశం నించి ఏడాదికి 100 మందికే అక్కడ స్థిరపడే వీలు. ఆ కోటాలు రద్దయింది, నల్లవాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని సాధించిన పౌరహక్కుల ఊపులో. మనం వాళ్ళు తీసిన తలుపులోంచి లోపలికి వెళ్ళి, వెనక్కి తిరిగి వాళ్ళ మొహమ్మీదే తలుపు వేస్తున్నాం.

ఇంకా పాత సంగతి ఒకటుంది, తల్చుకుంటే సిగ్గేస్తుంది. భగత్ సింగ్ థిండ్ అని పంజాబు నించి వెళ్ళిన సిక్కు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వంకోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. అప్పట్లో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ తప్ప మధ్యవాళ్ళకి పౌరసత్వం లేదు. ఆయన తరఫు వాదన ఏమిటంటే, తాను ఆర్యుణ్ణి, అగ్రకులస్థుణ్ణి కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అని! తెల్లవాళ్ళు నల్లవాళ్ళని చూసినట్టే అగ్రకులంవాళ్ళు కిందివాళ్ళని చూస్తారని కూడా అందులో చెప్పుకున్నారు, అదేదో యోగ్యతాపత్రమైనట్టు. 1923లో కోర్టు కాదుపొమ్మంది. ఇవన్నీ చెప్తే మా చెల్లెలు, "నువ్వక్కడ కూచుని ఎన్నైనా చెప్తావక్కా, నా పిల్లల చదువు నువ్వు చూస్తావా?" అని ఫోన్ పెట్టేసింది. తనకి నచ్చినచోటే కొనుక్కుంది. తప్పుపట్టే అర్హత నాకేముంది? నేను వాటా ఒక సాఫ్ట్‌వేర్ దంపతులకి ఇచ్చేసి కూచున్నాను అప్పటికి.

ఆ దంపతులు పది నెలలుండి, రెండునెలల కరెంటు బిల్లు ఎగ్గొట్టి, చెప్పకుండా పోయారు. అప్పుడు మా వీధిలో ఒక్కరూ, "చూశారా, అందుకే తెలుగువాళ్ళకి ఇవ్వద్దన్నాం" అనలేదు.

2024 జూన్‌లో మళ్ళీ ఖాళీ అయ్యాక, బోర్డు కట్టకముందే, యూనివర్సిటీలో పనిచేసే స్నేహితురాలికి ఫోన్ చేశాను, విదేశీ పిల్లలెవరికైనా ఇల్లు కావాలేమో కనుక్కోమని. ఇద్దరొచ్చారు. సూడాన్ అమ్మాయిలు. 2023 ఏప్రిల్‌లో వాళ్ళ దేశంలో యుద్ధం మొదలయ్యాక తల్లిదండ్రులు ఖార్టూమ్ వదిలి కైరో చేరారట. గది చూడకముందే, "మేడమ్, మేము సూడాన్ వాళ్ళమని మీకు ముందే చెప్పారా?" అని అడిగారు. చెప్పారన్నాను. అద్దె మాత్రం రెండువేలు ఎక్కువ చెప్పాను. వాళ్ళు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు. రాత్రి పడుకుంటే నిద్రపట్టలేదు. ఎందుకు ఎక్కువ చెప్పాను? ఇస్తున్నందుకు! నా మంచితనానికి నెలకి రెండువేలు పన్ను! పొద్దున్నే ఫోన్ చేసి పాత అద్దే చెప్పాను. పోలీసుల ఫారం గురించి అంత హడలిపోయానా, మావారు టిఫిన్ తినేలోపు కంప్యూటర్ ముందు కూచుని పూర్తి చేసేశారు.

మా అత్తగారు వారంరోజులు మేడకేసి చూడలేదు. ఎనిమిదోరోజు వాళ్ళు కాఫీ పంపిస్తే ఒక గుక్క తాగి, "కాఫీలో అల్లమేమిటే!" అంది. తర్వాత వాళ్ళు ఎండిన బెండకాయ పొడి చేసి కూర వండుతున్నారని తెలిసి స్వయంగా మేడెక్కింది. "వరుగులు మేమూ పెట్టేవాళ్ళం" అని వాళ్ళకి తెలుగులోనే చెప్పి వచ్చింది. ఇంతకన్నా పెద్ద మార్పేమీ ఊహించుకోకండి. "నల్లగా ఉంటేనేం, బుద్ధిమంతులు" అంటూంటుంది ఇప్పటికీ, మెచ్చుకోలుగానే.

ఎదురింటివాళ్ళ సంగతి నేను భయపడినట్టే అయింది. రెండోనెలలో కాలనీ సంఘం సమావేశం. కార్యదర్శిగారు రిటైరయిన పెద్దాఫీసరు, చాలా సౌమ్యుడు. "మనకెవరికీ వాళ్ళమీద కోపం లేదమ్మా. ఎవరి పద్ధతులు వాళ్ళవి. వాళ్ళకి కూడా వాళ్ళవాళ్ళ మధ్య ఉంటేనే సుఖం" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇదే మాట, ఇదే నవ్వు, 1959 నాటకంలోంచి లేచొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూచున్నట్టుంది. నవలల్లో నా నాయికలు ఇలాంటప్పుడు లేచి గొప్పగా మాట్లాడతారు. నాకు గొంతే రాలేదు. చివరికి, "ఫిర్యాదేమిటో చెప్పండి, ఏ తేదీన ఏం జరిగిందో" అన్నాను. ఎవరూ చెప్పలేదు. రాత్రి పది దాటాక వస్తున్నారని ఒకరన్నారు. వాళ్ళబ్బాయి ఆఫీసు బండిలో ఒంటిగంటకి వస్తాడని నేనన్నాను. వంట వాసనన్నారు. మన ఇంగువ వాసన వాళ్ళు భరిస్తున్నారన్నాను. అప్పుడు కొందరు నవ్వారు. ఇక అక్కడితో ఆగలేక, "పోయినేడు ఒక పిల్ల వస్తే ఇల్లు ఖాళీ లేదని అబద్ధం చెప్పి పంపేశాను. బోర్డు వేలాడుతూనే ఉంది. ఇంక ఆ పని నాచేత చేయించకండి" అనేశాను. చేతులు వణుకుతున్నాయి. కార్యదర్శిగారు టీ తెమ్మన్నారు. తీర్మానం చెయ్యలేదు, వదిలెయ్యనూ లేదు.

మర్నాడు కూరగాయల బండి దగ్గర మూడో ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని, "మీరన్నదాంట్లో తప్పేమీ లేదండీ, నాకూ అలాగే అనిపించింది" అంది రహస్యంగా. నాకు సంతోషం కలగాలి కదా? ఒళ్ళు మండింది. "నిన్న అనకపోయారా?" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నేనూ ఎన్ని పేరంటాల్లో తలొంచుకుని తాంబూలం పుచ్చుకుని వచ్చి, ఎన్నిసార్లు మావారితో మాత్రం, "ఆవిడ అలా అనుండాల్సింది కాదు" అన్నానో. సాయంత్రం వెళ్ళి ఆవిడకి నాలుగు నిమ్మకాయలు ఇచ్చొచ్చాను. ఎదురింటావిడ మాత్రం సన్నజాజులకి రావడం మానేసింది. ఇరవయ్యేళ్ళ స్నేహం. నాకు బాధగానే ఉంది. పూలు కోసి పంపిస్తే తీసుకుంది, తను మాత్రం రాలేదు.

మొదట వచ్చిన ఆ అమ్మాయిని చాలా వెతికాను. పేరు అడగలేదు, ఏ దేశమో అడగలేదు, ఎలా దొరుకుతుంది? మా సూడాన్ పిల్లల్ని అడిగితే వాళ్ళు నవ్వారు. "ఆంటీ, ఆఫ్రికాలో యాభైకి పైగా దేశాలున్నాయి" అన్నారు.

ఈ మధ్య చదువు పూర్తయి వాళ్ళు కైరో వెళ్ళిపోయారు. ఆఖరి నెల అద్దె ఆలస్యమైతే నేను విసుక్కున్నాను కూడా, వాళ్ళేం దేవతలు కారు, నేనూ కాను. గేటుకి మళ్ళీ బోర్డు కట్టాను. నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మగగొంతు, మంచి తెలుగు. "అమ్మా, మేం ముస్లింలమండీ. నేనూ మా ఆవిడా ఇద్దరు పిల్లలూ. ముందే చెప్తున్నాను, ఇవ్వడం కుదరదంటే ఇప్పుడే చెప్పెయ్యండి, అంతదూరం నించి రావక్కర్లేకుండా."

"ఎన్నింటికొస్తారు చూడ్డానికి?" అన్నాను.

అవతల ఒక నిమిషం ఏమీ వినపడలేదు. తర్వాత, అయిదింటికొస్తామన్నాడు. ఫోన్ పెట్టేసి మావారికి చెప్పాను, ఆ ప్లంబరుని నాలుగులోపు రమ్మనండి, మేడమీద కుళాయి ఇంకా కారుతూనే ఉంది అని.